పాత సిలిండరు హెడ్డు కొనవచ్చునా?

ట్రాక్టరు ఇంజను పనికి వచ్చినపుడు రైతును ఎక్కువగా ఇరుకున పెట్టునది సిలిండరు హెడ్డు. పిస్టన్లు, రింగులు, లైనర్లు, బేరింగులు అరిగినచో క్రొత్తవి వేయుట తప్ప వేరు మార్గము లేదు. వాటిని పాతవి కొనవలెనని ఎవ్వరును అనుకొనరు. హెడ్డు సంగతి అట్లు కాదు. అది బరువైన పోత ఇనుప వస్తువు. ఎంత పాతదైనను చూచుటకు చెక్కు చెదరనట్లే యుండును. క్రొత్తదాని ధర వినగానే గుండె ఝల్లుమనును. అట్టి సమయమున మేస్త్రి "ఆటోనగర్‌లో పాత హెడ్డు దొరుకుతుందండి, మూడో వంతుకే వస్తుంది" అనినచో కాదనుట ఎవరికైనను కష్టమే.

విజయవాడ ఆటోనగర్‌లోను, ఇతర పట్టణములలోని పాత సామాను దుకాణములలోను ఇట్టి హెడ్లు వరుసగా పేర్చి యుండును. కొని బాగుపడినవారు కలరు. కొని, నెల తిరుగకుండనే ఇంజను మరల విప్పించుకొన్నవారును కలరు. దీనిని అదృష్టమునకు వదలివేయుట తగదు. కొనుటకు ముందు హెడ్డును పరీక్ష చేయించినచో పాతది కొనుటలో తప్పు లేదనియు, పరీక్షకు అంగీకరింపని దుకాణములో ఎంత చౌకగా ఇచ్చినను కొనరాదనియు నా అభిప్రాయము. అంతకంటె ముందు చెప్పవలసిన మాట మరియొకటి కలదు. పాత హెడ్డు కొనవలసిన అవసరమే లేనివారు ఆ దుకాణములకు పోవుచున్నారు.

ఎట్లనగా, మన హెడ్డు నిజముగా పనికిరాకుండ పోయినదా యను సంగతి పెక్కు షెడ్లలో ఎవరును తేల్చరు. రేడియేటరులో నీరు తగ్గుచున్నది, బుడగలు వచ్చుచున్నవి, ఇంజను ఆయిలు పాలవలె తెల్లబడినది అనగానే "హెడ్డు పోయిందండి" అని తీర్పు చెప్పివేయుదురు. గాస్కెట్టు కాలినను ఈ లక్షణములే కనబడును. లైనరు అడుగున నుండు రబ్బరు రింగులు చెడినను ఆయిలులో నీరు కలియును. గాస్కెట్టు కాలుటకు లైనర్లు బ్లాకు ముఖముకంటె ఎక్కువ తక్కువలుగా నిలిచియుండుట ఒక కారణము. అట్టి ఇంజనుపై క్రొత్త హెడ్డు పెట్టినను, పాత హెడ్డు పెట్టినను ఫలితమొక్కటే.

హెడ్డులో అరుగునవి వేరు, అరుగనివి వేరు. వాల్వులు, గైడులు, సీటు రింగులు, స్ప్రింగులు అరుగునవి. ఇవి యన్నియు మార్చదగినవే. గైడు అరిగి వాల్వు ఊగుచున్నచో క్రొత్త గైడు దిగగొట్టించి రీమరుతో సరిచేయింపవచ్చును. సీటు లోతుకు పోయినచో పాత రింగు తీసి క్రొత్తది బిగింపవచ్చును. ముఖము వంగినచో, కంపెనీ పుస్తకము ఒప్పుకొనునంతవరకు ఫేసింగు చేయింపవచ్చును. మిగిలినది పోత ఇనుప దిమ్మ. ఆ దిమ్మ పగిలి పగులు నీటి గదిలోనికి చొచ్చినపుడు గాని, ఫేసింగు మీద ఫేసింగు జరిగి ఎత్తు హద్దుకు దిగువకు పోయినపుడు గాని హెడ్డు ఆయువు తీరినదని చెప్పవలెను. రెండు వాల్వు సీట్ల నడుమను, సీటునకును ఇంజెక్టరు రంధ్రమునకును నడుమను ఇనుము సన్నముగ నుండును. అచ్చటనే వేడియు ఎక్కువ. పగుళ్లు సాధారణముగా అక్కడనే పుట్టును.

కావున మొదటి ఖర్చు మన హెడ్డు మీదనే పెట్టవలెను. దానిని ఇంజను మెషిను షాపునకు పంపి ప్రెషరు టెస్టు చేయింపవలెను. ఈ పరీక్షలో హెడ్డుకు గల నీటి రంధ్రములన్నిటిని రబ్బరు షీటు, ఇనుప పలకలతో మూసి, ఒక్క రంధ్రము గుండా గాలి ఎక్కించి, వేడి నీటి తొట్టిలో ముంచెదరు. సాధారణముగా చదరపు సెంటీమీటరుకు 2 మొదలు 3 కిలోల ఒత్తిడి పెట్టుదురు. పగులున్నచోట బుడగలు లేచును. నీరు వేడిగా నుండుట అవసరము. చల్లని ఇనుములో మూసికొనియుండు పగులు వేడికి గాని నోరు తెరువదు. చన్నీటిలో ముంచి తీసి "బాగుంది" అనుటకు విలువ లేదు.

ఈ పరీక్షలో మన హెడ్డు నెగ్గినచో పాత సామాను దుకాణముతో పని లేదు. మన హెడ్డు ఎన్ని గంటలు పనిచేసినదో, ఎన్నిసార్లు వేడెక్కినదో, ఎన్నిసార్లు ఫేసింగు అయినదో మనకు తెలియును. దుకాణములోని హెడ్డు చరిత్ర ఎవ్వరికిని తెలియదు.

ఇక పగిలినట్లు తేలినచో, ఎందుకు పగిలినదో తెలిసికొనక మరియొక హెడ్డు కొనరాదు. ఇంజను పనికి డబ్బు పెట్టు రైతులు చాలమంది ఈ మెట్టు దాటిపోవుచున్నారు. దమ్ము దినములలో కేజి చక్రములు తొడిగి ఉదయము మొదలు చీకటి పడువరకు నడుపునపుడు ఇంజనుపై భారము మిక్కుటముగా నుండును. నూర్పిళ్ల కాలమున పొట్టు, దూగర రేడియేటరు రెక్కలలో పేరుకొని గాలి ఆడదు. ఫ్యాను బెల్టు వదులైనను ఎవరును చూడరు. రేడియేటరులో ప్రతి దినము బోరు నీరే పోయుచుందురు. ఉప్పదనము, సున్నము గల ఆ నీరు హెడ్డులోని నీటి గదుల గోడలకు పెచ్చు కట్టును. పెచ్చు కట్టినచోట వేడి నీటిలోనికి దిగదు, ఇనుములోనే నిలిచిపోవును. ఇంజను కాగి ఆవిరి చిమ్ముచున్నపుడు కాలువ నీరు తెచ్చి గుమ్మరించుటతో ఇనుము ఒక్కసారిగ ముడుచుకొని పగులును. ఆవిరి వచ్చినపుడు భారము తీసివేసి, ఇంజను చల్లారువరకు ఓపిక పట్టవలెనని ప్రతి డ్రైవరుకును తెలియును. కాని ప్రక్క పొలమువారు దమ్మునకు ఎదురుచూచుచుండగా ఓపిక పట్టువారెందరు? రేడియేటరు శుభ్రపరచక, కంపెనీవారు చెప్పిన కూలెంటు పోయక, పెచ్చు కడిగించక హెడ్డు మాత్రము మార్చినచో, క్రొత్త హెడ్డైనను పాత హెడ్డైనను అదే దారి పట్టును.

కారణము సరిదిద్దిన పిమ్మట దుకాణమునకు పోవచ్చును. అక్కడ అడుగవలసిన మొదటి ప్రశ్న ధర కాదు. "ఈ హెడ్డు వచ్చిన ఇంజనును ఎందుకు విప్పిరి?" అని అడుగవలెను. ట్రాక్టరు బోల్తాపడి తుక్కుకు పోయినది, క్రాంకు విరిగినది, గేరుపెట్టె పోయి యజమాని బండి అమ్మివేసినాడు అను జవాబులు ఆశాజనకములు. అట్టి ఇంజను హెడ్డు మంచిదై యుండవచ్చును. ఇంజను వేడెక్కి పట్టివేసినదనినచో ఆ హెడ్డు జోలికి పోరాదు. జవాబే రానిచో, పరీక్ష తప్ప దానిని గూర్చి చెప్పగలది మరేదియు లేదు.

తరువాత పోతలోనే తేలియుండు సంఖ్యను మన హెడ్డుపై నున్న సంఖ్యతో పోల్చవలెను. కంపెనీ ఒక్కటే, హార్సుపవరు ఒక్కటే యని చాలించుకొనుట ప్రమాదకరము. పొగ నియమములు 2010, 2011 సంవత్సరములలో ట్రాక్టర్లకు కఠినమైనవి; 50 హార్సుపవరు మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి మరింత కఠినమైనవి. ఇట్టి మార్పులు జరిగినపుడు ఇంజెక్టరు పొడవు, దాని వాలు, వాల్వు కొలతలు మారియుండవచ్చును. బోల్టు రంధ్రములు సరిపోయినంత మాత్రమున హెడ్డు సరిపోయినట్లు కాదు. మన పాత హెడ్డును, పాత గాస్కెట్టును వెంట తీసికొనిపోయి రంధ్రమునకు రంధ్రము పెట్టి చూచుట ఉత్తమము. ఈ మధ్య ఫోనులో ఫోటో చూచి అడ్వాన్సు పంపు అలవాటు బయలుదేరినది. ఫోటోలో రంగు కనబడును గాని పగులు కనబడదు.

రంగు మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. నిగనిగలాడు వెండి రంగు పూసిన పాత హెడ్డుకంటె జిడ్డు, మసి వదలని హెడ్డే నాకు ఎక్కువ నమ్మకము కలిగించును. రంగు క్రింద వెల్డింగు మచ్చలు, మెటలు పుట్టీ దాగియుండవచ్చును. పోత ఇనుమును వెల్డింగు చేయుట అసాధ్యము కాదు. హెడ్డంతటిని ముందుగా కాల్చి, వెల్డు చేసి, మెల్లగా చల్లార్చగల పనివారు కలరు. కాని ఆ పని రోడ్డు ప్రక్క జరుగునది కాదు. వాల్వు సీటు దగ్గర వెల్డు చేసిన హెడ్డును కొనకుండుటయే మేలు.

దుకాణములోనే రైతు స్వయముగా చేయగల పరీక్షలు కొన్ని కలవు. హెడ్డు ముఖమును శుభ్రముగా తుడిపించి, సరియైన ఉక్కు స్కేలును నిలువునను, అడ్డముగను, మూలనుండి మూలకును నిలిపి, క్రింద ఫీలరు గేజి దూరునేమో చూడవలెను. 0.05 మిల్లీమీటరు రేకు దూరకున్నచో ముఖము బాగున్నట్లు. 0.10 దూరినచో ఫేసింగు తప్పకపోవచ్చును. ఇవి సాధారణముగ వాడు అంకెలు. తుది మాట కంపెనీ పుస్తకమునదే. వాల్వులు అమర్చియున్న హెడ్డయినచో, తలక్రిందుగ పెట్టి, వాల్వులు ముఖమునకు ఎంత లోపలికి దిగియున్నవో చూడవలెను. మిక్కిలి లోతుగ నున్నచో సీట్లు అనేక పర్యాయములు కోయబడినవన్నమాట. అట్టి ఇంజనులో ఒత్తిడి తగ్గి, చలి దినములలో స్టార్టు అగుట కష్టమగును. ఇందుకు విరుద్ధముగ, ఫేసింగు అతిగా జరిగిన హెడ్డులో వాల్వులును, ఇంజెక్టరు మొనయు ముఖము బయటకు వచ్చి పిస్టనుకు దగ్గరగును. వాల్వు పిస్టనును తాకినచో ఇంజను మిగులదు. అందుచేత హెడ్డు మొత్తము ఎత్తును వెర్నియరుతో కొలిపించి పుస్తకములోని కనిష్ఠపు అంకెతో పోల్చవలెను. కొన్ని హెడ్లకు ఫేసింగే కూడదని కంపెనీలు చెప్పును.

పగులు చూచుటకు పాతకాలపు ఉపాయమొకటి నేటికిని పనికివచ్చును. సీట్ల చుట్టును కిరోసిను గాని, పలుచని డీజిలు గాని పూసి కొంతసేపు ఆగి, పొడిగుడ్డతో గట్టిగా తుడిచి, సుద్దపొడి చల్లవలెను. పగులులో దాగిన నూనె సుద్దను తడిపి సన్నని గీతగా కనబడును. ఇది పైకి కనబడు పగుళ్లకే పనికివచ్చును గాని ప్రెషరు టెస్టుకు బదులు కాజాలదు. దీనిలో తప్పిన హెడ్డును టెస్టుకు మోసికొనిపోవు శ్రమ మాత్రము తప్పును.

ఒక్కొక్క సిలిండరుకు ఒక్కొక్క హెడ్డు గల ఇంజనుల విషయము కొంత సులువు. పగిలినదానిని మాత్రమే మార్చిన చాలును. ఐతే మిగిలినవాటితో ఎత్తు సరిపోవలెను; బోల్టులు పూర్తిగా బిగించుటకు ముందు మానిఫోల్డు ముఖములన్నియు ఒకే వరుసలో నున్నట్లు స్కేలు పెట్టి చూడవలెను.

బేరము కుదురునపుడు డబ్బు ఎంత అనుదానికంటె, డబ్బు ఎప్పుడు అనునదే ముఖ్యము. కొంత సొమ్ము ధరావతుగా ఉంచి, హెడ్డును మనము కోరిన మెషిను షాపులో పరీక్షించి, నెగ్గినచో మిగిలినది చెల్లించునట్లును, ఓడినచో సొమ్ము వాపసు ఇచ్చునట్లును రసీదుపై వ్రాయించుకొనవలెను. పోత సంఖ్యను కూడ అందు వ్రాయింపవలెను. తన సరకుపై నమ్మకము గల వర్తకుడు ఇందుకు అంగీకరించును. "పాత సామానుకు గ్యారంటీ ఏమిటండీ" అని నవ్వినవానికి మనమును నవ్వి నమస్కారము పెట్టి రావచ్చును.

లాభనష్టముల లెక్క ఒకటి వేసి చూతము. ఈ అంకెలు ఊహించి వేసినవి. ఊరినిబట్టి, బండినిబట్టి మారును. రైతులు తమ అంకెలు తామే వేసికొనవలెను. వాల్వులతో సహా క్రొత్త హెడ్డు 24,000 రూపాయలనియు, పాతది 8,000 అనియు అనుకొందము. పైకి 16,000 మిగులు కనబడుచున్నది. కాని పాతదానికి రవాణా 500, ప్రెషరు టెస్టు 800, ఫేసింగు 1,500, గైడులు, సీట్ల పని 4,000, వాల్వులు 2,500 కలిపినచో మొత్తము 17,300 అగును. నిజమైన మిగులు 6,700 మాత్రమే. మన సొంత హెడ్డు పరీక్షలో నెగ్గి యుండినచో, రవాణా తప్ప ఇవే ఖర్చులతో 8,800 లో పని ముగిసెడిది.

పై లెక్కలో టెస్టుకు పడినది 800. దానిని మిగుల్చుకొనదలచి పరీక్ష లేకుండ బిగించిన హెడ్డు దమ్ము నడుమ పగిలినదనుకొందము. విప్పి బిగించు కూలి 4,000, గాస్కెట్టు 1,500, చెడిన ఆయిలుకు బదులు 2,500. దినమునకు 8 గంటల వంతున 4 దినముల పని పోయినది. డీజిలు పోను గంటకు 500 మిగులు వేసినను 16,000. మొత్తము 24,000. పిమ్మట క్రొత్త హెడ్డు ఎట్లును కొనవలసినదే, అది మరియొక 24,000. పాతదానికి పెట్టినది పోయినట్లే. మొదటనే క్రొత్తది కొనినదానికంటె సుమారు 41,000 అధికముగా ఖర్చయినది. ఏడుగురు ఇట్లు పాత హెడ్లు కొనగా ఒక్కరికి ఈ గతి పట్టినచో, మిగిలిన ఆరుగురికి కలిపి మిగిలిన 40,000 అందులో కొట్టుకొనిపోవును. వాల్వు విరిగి పిస్టనుపై పడినచో ఏమగునో ఈ లెక్కలో చేర్చలేదు.

ఈ లెక్కనుబట్టి నాకు తోచునది చెప్పెదను. సొంత పొలము ఐదారెకరములు దున్నుకొనుచు, బండి నాలుగు దినములు నిలిచినను బాధలేని రైతు, పరీక్షించిన పాత హెడ్డును నిశ్చింతగా కొనవచ్చును. బాడుగపై బ్రతుకు బండికి, అందులోను బ్యాంకు వాయిదా కట్టవలసిన బండికి, సీజను ముంగిట ఇంజను పని పడినచో క్రొత్త హెడ్డుకు డబ్బు చూచుకొనుటయే మంచిది. ఆ డబ్బు లేనివాడే పాతది కొనునని, ఉన్నవానికి ఈ సలహా అక్కరలేదని ఎవరైనను అనవచ్చును. ఆ మాటలో నిజము లేకపోలేదు. అందుచేతనే ప్రెషరు టెస్టు అందరికిని అందుబాటులో నుండవలెనని చెప్పుచున్నాను. బీదరైతుకు క్రొత్త హెడ్డు ఇప్పించలేము. కొనుచున్న పాత హెడ్డు పగిలినదో లేదో చెప్పించుట కష్టమైన పని కాదు.

ఈ విషయమున గ్రామాధికారులు చేయగల సాయము కలదు. యంత్రములు బాడుగకిచ్చు రైతు సంఘములు మరమ్మతు బిల్లులు పెట్టినపుడు, హెడ్డు మార్పిడి కలిగిన ప్రతి బిల్లుతోను పరీక్ష చీటీ జతచేయవలెనని కోరవచ్చును. ప్రెషరు టెస్టు తొట్టి పెద్ద యంత్రమేమియు కాదు: ఒక తొట్టి, నీరు కాచు సాధనము, గాలి కంప్రెసరు, కొలత గడియారము, ఆయా హెడ్లకు తగిన పలకలు. ఇట్టి తొట్టి ఐ.టి.ఐ.లలో నొకదాని నుంచి స్వల్ప రుసుముపై రైతులకు పరీక్ష చేసి చీటీ ఇచ్చు ఏర్పాటు చేసినచో, పిల్లలకు పనియు వచ్చును, రైతులకు మోసమును తప్పును. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. గ్రామ మెకానిక్కులను అట్టిచోటులకు శిక్షణకు పంపునపుడు, ఇంజను విప్పుట బిగించుటలతోపాటు కొలుచుట నేర్పుమని ప్రత్యేకముగ కోరవలెను. మన మేస్త్రీలకు చేతి నేర్పునకు కొదువ లేదు. కొలత పనిముట్లు కొనుటకే వెనుదీయుదురు. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో 1955లో నెలకొల్పబడిన కేంద్రసంస్థ ట్రాక్టరు పరీక్ష నివేదికలలో, విప్పిన ఇంజను భాగముల కొలతల ప్రక్కనే, ఎంత అరిగినచో పారవేయవలెనో ఆ హద్దును కూడ చూపుదురు. ఊరి షెడ్డులో ఆ రెండు అంకెలను ఒక కాగితముపై వ్రాసి రైతుకు చూపిన చాలును. మార్చవలెనా వద్దా యను వాదము అక్కడితో తీరును.

హెడ్డు ఏదైనను, బిగించునపుడు గాస్కెట్టు క్రొత్తది వాడవలెను. బోల్టులను టార్కు రెంచితో, నడుమనుండి అంచులకు, రెండు మూడు దఫాలుగ పుస్తకములో చెప్పిన వరుసలో బిగింపవలెను. మరల బిగింపు అవసరమని కంపెనీ చెప్పిన ఇంజనులకు, చెప్పిన గంటలు నడిచిన పిమ్మట తప్పక చేయింపవలెను. పాత హెడ్డును మార్పిడి క్రింద ఇచ్చివేయుమని దుకాణమువారు తొందరపెట్టుదురు. బిగించిన హెడ్డు 50 గంటలైనను బరువు పనిలో నీరు తగ్గకుండ నడుచువరకు దానిని ఇవ్వరాదు. జిడ్డు పూసి, గోనె చుట్టి, కొట్టములో ఒక మూలన ఉంచవలెను.